సీడీల వాటా

శోభనాద్రి, వెంకటపతి వేరుపడిన రోజున గుడివాడలో వాళ్ళ ఇంట్లో గొంతు పెంచిన వాళ్ళెవరూ లేరు. ఎరువుల కొట్టు అన్న శోభనాద్రికి ఉండిపోయింది. తమ్ముడు తన వంతు డబ్బు తీసుకుని బందరులో కొట్టు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. ఇంట్లో సామాను మాత్రం పద్ధతి ప్రకారం పంచారు. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వాళ్ళ మేనమామ పిచ్చేశ్వరరావు పడక్కుర్చీలో కూర్చుని అన్నీ దగ్గరుండి చూశాడు. చివరికి పిల్లల వీడియో గేమ్ మిగిలింది.

"దీన్నేం చేద్దాం మావయ్యా?" అన్నాడు శోభనాద్రి.

"ఏముందిరా? మిషనొక వాటా, ఆ పదకొండు బిళ్ళలూ ఒక వాటా. ఎవరికి లేనిది వాళ్ళు కొనుక్కుంటారు. ఎడ్లొకడికి, బండొకడికి ఇచ్చి నేనెన్ని పంపకాలు చేయలేదు!"

వెంకటపతి సీడీలు కోరుకున్నాడు. బందరులో పాత మిషను చవగ్గా దొరుకుతుందని ఎవరో చెప్పారు. శోభనాద్రి కొడుకు విక్రమ్‌కి పద్నాలుగేళ్ళు, వెంకటపతి కూతురు అనూషకి పదకొండు. అదే గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు.

వంటింటి గుమ్మంలో ఉన్న శోభనాద్రి భార్య భానుమతి చూపు వాటాల మీద లేదు, అనూష మీదే ఉంది. తోడికోడలు తనూజ బడిలో టీచరు కావడంతో, పాలు తాగే వయసు నుంచీ ఆ పిల్ల భానుమతి చంకలోనే పెరిగింది. తన కడుపున ఆడపిల్ల పుట్టలేదన్న సంగతే ఆమెకి ఏనాడూ గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఎవరికి చెప్పుకుంటుంది? కన్నవాళ్ళతో పిల్ల వెళ్తుంది, అంతే.

నెల తిరిగినా రెండిళ్ళ మధ్యా ఫోను మోగలేదు. అన్నదమ్ములిద్దరూ ఎదుటివాడే ముందు పలకరించాలని భీష్మించుకున్నారు. ఆ తర్వాత ఒక సాయంత్రం అనూష ఫోను చేసింది.

"పెద్దమ్మా, సీడీలు ఆడట్లేదు. నాన్న కోనేరు సెంటర్లో పాత మిషను కొన్నారు. ఏ సీడీ పెట్టినా, ఇది వేరే మిషను పేరున ఉంది అని వస్తోంది."

మిషను అమ్మిన పున్నారావు అసలు సంగతి చెప్పాడట. పాత ఆటలు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటే కొత్తవి అమ్ముడుపోవని కంపెనీ ఈ మెలిక పెట్టింది. సీడీ మొదట ఏ మిషన్లో ఆడితే ఆ మిషనుకే కట్టుబడిపోతుంది. "మా పాత సీడీల బేరానికి గండి కొట్టారండీ" అని వెంకటపతి దగ్గర వాపోయాడట.

"అయ్యో" అంది భానుమతి. పైకి అన్నదేగానీ గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. "అయితే మరి ఆదివారం ఇక్కడికొచ్చి ఆడుకో తల్లీ."

అలా మొదలైంది. ఆదివారం పొద్దున పాసింజరులో వెంకటపతి కూతుర్ని సీడీల సంచితో సహా తీసుకొచ్చి గేటు దగ్గర దింపేవాడు.

"లోపలికి రా వెంకటపతీ, కాఫీ తాగి వెళ్దువుగాని."

"పనుంది వదినా."

ఏ పనీ లేదని ఆమెకి తెలుసు. సాయంత్రం దాకా స్టేషన్‌లో బల్ల మీద పేపరు చదువుతూ కూర్చునేవాడు.

లోపల ఇల్లు ఎగిరిపోయేది.

"మళ్ళీ గోడకి గుద్దావు కదే! నీకు కారు కాదు, ఎడ్లబండి ఇవ్వాలి."

"నువ్వు నెట్టావు గనక గుద్దాను. దొంగ అన్నయ్యా!"

పిల్ల చేతులు ఖాళీ ఉండవని భానుమతే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. వెనక కూర్చుని జడ విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లేది. సాయంత్రం గేటు చప్పుడైతే అల్లిన జడనే మళ్ళీ విప్పేది.

నాలుగో ఆదివారం అనూష వెళ్ళిపోయాక విక్రమ్ వంటింట్లోకొచ్చాడు.

"అమ్మా, కంపెనీ వాళ్ళు ఒక దారి ఉంచారు. మన మిషనులోంచి నెట్లోకి వెళ్ళి ఈ సీడీలు వదులుకుంటున్నాం అని ఒప్పుకుంటే చాలు, చెల్లి మిషన్లో ఆడతాయి. మళ్ళీ వెనక్కి రావు. చేసేయనా?"

వంకాయ తరుగుతున్న భానుమతి చెయ్యి ఆగింది.

"ఇప్పుడొద్దు."

"ఎందుకూ?"

"వద్దన్నానా. చెల్లికి చెప్పకు."

అన్నదమ్ములు మాట్లాడుకున్నాక చెప్పొచ్చులే అనుకుంది. పరీక్షలు అయ్యాక అనుకుంది. ఏం అనుకున్నా, ఆ సీడీలు బందరులో ఆడిన రోజు నుంచి ఈ గేటు ఎవరు తీస్తారన్న భయం దగ్గరికే వచ్చి ఆగేది.

వానలు పట్టాయి. తడిసి వచ్చిన పిల్లకి ఒకసారి జ్వరం తగిలింది. తర్వాతి వారం వెంకటపతి గేటు బయట గొడుగు కింద నిలబడే అడిగాడు.

"వదినా, ఇంకేదైనా దారుందేమో విక్రమ్‌ని కనుక్కోకూడదూ? దారి ఉన్నా అన్నయ్యే వద్దంటున్నాడేమో గానీ..."

"అడిగాను. లేదట" అంది భానుమతి. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమే అనుకోలేదు.

ఆ పై ఆదివారం అనూష పరుగెత్తుకుంటూ రాలేదు. సీడీల సంచి గుండెకి హత్తుకుని వరండాలోనే ఆగిపోయింది.

"పున్నారావు గారు చెప్పారు పెద్దమ్మా. మొదట కొన్నవాళ్ళు వదిలేస్తే చాలట. నీకు తెలీదా అన్నయ్యా?"

విక్రమ్ తల్లి వైపు చూసి తల దించేసుకున్నాడు.

"వాణ్ణి అనకమ్మా. నేనే వద్దన్నాను" అంది భానుమతి. "ఆడుకోవడానికి అక్కడే కుదిరితే ఇంక రావేమోనని."

పిల్ల సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మా క్లాసు వాళ్ళు మంగినపూడి బీచికి రమ్మన్నా వెళ్ళకుండా వచ్చాను. నువ్వు రమ్మంటే ఊరికే వచ్చేదాన్ని కదా పెద్దమ్మా."

వెంకటపతి ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఇన్నాళ్ళూ అన్నయ్యే చేయనివ్వడం లేదనుకున్నాను వదినా. లోకమంతటికీ అలాగే చెప్పుకున్నాను కూడా." మెట్లెక్కి వచ్చాడు. "పద అమ్మలూ" అని కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నం తినేసి..." అని భానుమతి మెట్లు దిగేసరికి రిక్షా మలుపు తిరిగిపోయింది.

ఆ మధ్యాహ్నమే విక్రమ్ మిషను ముందు కూర్చున్నాడు. ఒక్కో ఆట పేరు దగ్గరా, నిజంగా వదులుకుంటారా అని తెర అడిగింది. వాడు తలతిప్పి తల్లిని అడిగాడు. పదకొండుసార్లూ ఆమె "ఊఁ" అంది. ఆఖరి పేరు పోయాక తెర బోసిపోయింది.

"అది అక్కడ ఆడుకుంటున్నట్టు మనకేమైనా తెలుస్తుందా?"

"తెలీదమ్మా. వదిలేశాక మనకేం కనపడదు."

ఆరు గంటలకి భానుమతి బందరుకి ఫోను చేసింది. తనూజ ఎత్తింది.

"సీడీలన్నీ వదిలేశామని చెప్పు తనూజా. ఇక ఏ అడ్డూ ఉండదు."

"అలాగే అక్కా."

"పిల్లనొకసారి పిలుస్తావా?"

అటువైపు రిసీవరుకి చెయ్యి అడ్డుపెట్టిన అలికిడి. తర్వాత తనూజ గొంతు మెల్లగా వచ్చింది. "పడుకుందక్కా."

ఆ వేళప్పుడు అనూష ఏనాడూ పడుకోదని, తన ఒళ్ళో పెరిగిన పిల్ల గురించి భానుమతికి ఒకరు చెప్పాలా?

"సరేలే, లేపకు" అంది.