ముందు వడగళ్లు, చివర నంబోజో

ఎల్గాన్ కొండ కింద, భూముల కచేరీ గోడ వారగా, కిటికీ కింద ఖౌఖా టైపు మిషను పెట్టుకుని కూర్చుంటాడు. పొద్దున్నే మిషను మీద దుమ్ము తుడిచి, నిన్నటి అర్జీలు తాడు మీద ఆరేస్తాడు. అతను ఇంగ్లీషులో కొట్టే వాక్యానికి ఏ ముక్క ముందుంటే దాని తడో, వేడో, వాసనో కాగితానికి పడుతుంది. "వాన కురిసిన పొద్దున" అని మొదలైతే కాగితం తడుస్తుంది. "మేకలతో సహా" అని మొదలైతే గుమస్తా ముక్కు మూసుకుని ముద్ర వేస్తాడు. తడి అర్జీలు ఆరబెట్టి తెమ్మని కచేరీ తలుపు మీద బోర్డు కూడా ఉంది.

ఆ రోజు నంబోజో మూడోసారి వచ్చింది. పదకొండేళ్ల కిందట, భర్త పోయిన ఏడాది, కాఫీ తోటలో ఆమె వాటా విడదీసి హద్దు మొక్క నాటారు. సాక్షులు ఇద్దరూ పోయారు. మొక్కని ఎవరో పీకేశారు. ఇప్పుడు మరిది ముడోమా హద్దూ లేదు, వాటా లేదు, తోటంతా నాదే అంటున్నాడు. మధ్యాహ్నం అధికారి తేల్చేస్తాడు. తోట పోతే ఆమెకి వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

మొదటి రెండు అర్జీల్లోనూ ప్రతి వాక్యమూ "నేను" అనే మొదలైంది. ఆమే పట్టుబట్టి అలా కొట్టించింది. అధికారి విప్పితే పొయ్యి పొగ, ఉల్లిపాయల వాసన. "ఈవిడ కనిపిస్తోంది గానీ తోట కనిపించటం లేదు" అని పక్కన పడేశాడు.

"ఈసారి మారుద్దాం పెద్దమ్మా," అన్నాడు ఖౌఖా.

"నేను మాట మార్చేదాన్ని కాదు."

"మాట అదే. చోటు మారుద్దాం."

కత్తెరతో పాత అర్జీలోని వాక్యాన్ని ముక్కలు చేసి బల్ల మీద పరిచాడు. గాలికి ఎగరకుండా ఒక్కో ముక్క మీద ఒక్కో కాఫీ గింజ పెట్టాడు. "ముడోమా తవ్విన గుంటలో" అన్న ముక్కని ముందుకు జరిపాడు. పచ్చిమట్టితో కలిసి మగవాడి చెమట కంపు కొట్టింది.

"వాడినా ముందు పెట్టేది?" అని ఆమె ఆ ముక్క లాగేసింది. "నలభై ఏళ్లు ఏ కాయితం చూసినా మా ఆయన పేరే ముందు. కాఫీ సంఘం పుస్తకంలో నేను లేనే లేను. ఇప్పుడు నన్ను వెనక్కి నెడితే నీకేం ఒరుగుతుంది?"

ఖౌఖా వంగి కింద పడ్డ గింజ తీశాడు. ఆ కాయితాల్లో సగం తను కొట్టినవే.

తర్వాత "వడగళ్లు పడ్డ మధ్యాహ్నం" అన్న ముక్కని ముందుకు తెచ్చాడు. బల్ల చల్లబడింది. ఆమె చేతులు ఒళ్లోకి ముడుచుకుంది.

"పెద్దమ్మా, సభకి పెద్దమనిషి ఎప్పుడొస్తాడు? జనం కంటే ముందా?"

"అందరూ కూర్చున్నాక. కూర చల్లారిపోయాక."

"వచ్చాక?"

"వచ్చాక అందరూ లేస్తారు," అంది. మళ్లీ ఆలోచించింది. "సరే. కొట్టు."

అతను కొట్టాడు: వడగళ్లు పడ్డ మధ్యాహ్నం, ముడోమా తవ్విన గుంటలో, ఇద్దరు పెద్దల ఎదుట, హద్దు మొక్క నాటింది నేను.

విచారణ మొదలవగానే ఖౌఖా లేచి కిటికీలోంచి చూశాడు. అధికారి మడత విప్పాడు. చిక్కుడు గింజలంత వడగళ్లు బల్ల మీదా, కుర్చీల మీదా టపటపా రాలాయి. గుమస్తా ముద్రల పెట్టె మూసేశాడు. ముడోమా చేతిలోని ఫైలు పైకెత్తాడు. తన నెత్తిన కాదు, వదిన నెత్తిన పట్టాడు. పట్టాక గాని తనేం చేశాడో తెలిసినట్టు లేదు. దించబోయాడు, దించలేకపోయాడు.

"అలవాటేనా?" అన్నాడు అధికారి తలెత్తకుండా.

"ఆ రోజు అరటాకు," అన్నాడు ముడోమా.

"ఏ రోజు? ఎక్కడ?"

నేల మీద వడగళ్లు కరిగి ముడోమా చెప్పుల కిందికి పారాయి.

"గుంట దగ్గర," అన్నాడు చివరికి. "నేను ఆకు పట్టుకున్నాను. మొక్క పెట్టి మట్టి కప్పింది వదినే."

అధికారి చదువుతూ చదువుతూ ఆఖరి మాట దగ్గర ఆగాడు. కలం మూత తీశాడు.

"'నేను' అంటే ఎవరు? పేరు పూర్తిగా చెప్పమ్మా."

నంబోజో లేచి నిలబడి చెప్పింది.