సోమక్క కాఫీ

"కాకా, సోమక్క కాఫీ గీ ఇంట్లనేనా?"

గేటు దగ్గర నిలబడి అడిగింది అరుణశ్రీ. అంగన్‌వాడీలో కొత్తగా చేరిన పిల్ల. చేతిలో ఖాళీ గాజు సీసా ఉంది.

బిక్షపతి అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. చేయి ఆగింది. సోమమ్మ పోయి పదకొండు నెలలైంది. ఈ పిల్ల ఆమె ముఖం కూడా చూసి ఉండదు.

"సోమమ్మ నా భార్య. సచ్చిపోయింది," అన్నాడు. "ఈ ఇంట్ల కాఫీ లేదు. ఎన్నడు లేకుండె. మేం చాయ్ తాగుతం."

"అయ్యో, తెల్వదు కాకా. మా అంగన్‌వాడీ సుజన మేడం చెప్పింది. గల్లీల కొచ్చి సోమక్క కాఫీ అంటే ఎవలన్న జూపిస్తరన్నది."

అంతలో ప్రహరీ అవతల పక్కింటి అమీనా బీ తల ఎత్తి, "ఇటు రా బిడ్డా, ఇటు," అని పిలిచింది. బిక్షపతి తననే చూస్తున్నాడని గమనించి తల దించుకుంది. పిల్ల అటు వెళ్లింది. కాసేపటికి గోధుమరంగు పొడితో నిండిన సీసాను కొంగులో దాచుకుని, బిక్షపతి గేటు ముందు నుంచి చప్పుడు కాకుండా పోయింది.

సబ్బు నురుగు బుగ్గ మీదే ఎండిపోయింది. సగం గడ్డంతో ఆ రోజంతా తిరిగాడు.

మణుగూరు దగ్గర బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు టింబర్‌మన్‌గా చేశాడు బిక్షపతి. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. రిటైరైన ఏడాదే భార్య పోయింది. గోడ అవతలి ఇల్లు అమీనా బీ భర్త, పరుపులు కుట్టే బషీర్‌ది. ఆ ఇంటి నుంచి వారానికొకసారి మాడు వాసన వచ్చేది. సాయిబు ఇంట్లో మసాలా వేయించుకుంటున్నారనుకున్నాడు ఇన్నేళ్లూ.

అమీనా బీని అడగడానికి మనసొప్పలేదు. జీపు నడిపే రూప్లాను జీపుల అడ్డా దగ్గర పట్టుకున్నాడు. రూప్లా భద్రాచలం దాటి, చింతూరు మీదుగా కాఫీ తోటలున్న మారేడుమిల్లి దాకా పోయి వస్తుంటాడు.

"అవ్ అన్నా, పచ్చి గింజలు నేనే తెస్తుంటి. పద్నాలుగేండ్ల సంది," అన్నాడు రూప్లా, దాచడానికి ఏముందన్నట్టు.

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వెన్నడన్న అడిగినవా? సోమక్క జీపు కాడికే వచ్చేది. గింజలు అరచేతుల పోసుకొని వాసన జూసేది. ఒక్క పుచ్చు గింజ కనవడ్డదనుకో, నన్ను తిట్టేది సూడు! ఏం తిట్లు అన్నా అవి! ప్యాసింజర్లందరు పడి పడి నవ్వుతుండ్రి."

సోమమ్మ ఎవరినైనా తిట్టడం బిక్షపతి వినలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె గొంతు గడప దాటింది లేదు. ఆమె తిట్లకు నవ్వినవాళ్లున్నారు. ప్యాసింజర్లు. ముక్కూ మొహం తెలియనివాళ్లు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పద్నాలుగేళ్ల కిందట చింతూరులో పెళ్లికి పోయి, కొంగు చివర కాఫీ గింజలు మూటగట్టుకొచ్చింది సోమమ్మ. మర్నాడు అతను షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంటినిండా పొగ, మాడు వాసన. బాయిలో ఆ వాసన వచ్చిందంటే ఎక్కడో బొగ్గు రాజుకుంటోందని అర్థం, ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తాలి. అదే వాసన తన ఇంట్లో. మూకుడు పట్టుకుని వాకిట్లోకి విసిరేశాడు. సోమమ్మ చీపురు తెచ్చి గింజలన్నీ చేటలోకి ఎత్తింది. పారబోసిందనుకున్నాడు. పారబోయలేదని ఇప్పుడర్థమైంది. ఆ చేటతోనే గోడ చుట్టూ తిరిగి అమీనా బీ ఇంటికి పోయింది.

మూకుడు విసిరినందుకు బిక్షపతి అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడలేదు. అతనికి మండింది వేరేదానికి. అతని భార్య చేతి రుచి అంగన్‌వాడీ మేడం ఎరుగును, జీపు రూప్లా ఎరుగును, పరుపులు కుట్టే బషీర్ ఎరుగును. తాళి కట్టిన తనొక్కడే ఎరగడు. పైగా ఆమె పేరు పెట్టి ఇంకొకరి ఇంట్లో పంచుతున్నారు. ఆ కాఫీ తన ఇంటిది. తన ఇంట్లోనే పుట్టాలి. అరుణశ్రీ లాంటివాళ్లు సీసా పట్టుకుని వస్తే తన గేటు దగ్గరే ఆగాలి.

"సోమమ్మకు తెచ్చినయే నాకూ తేవాలె," అని రూప్లాకు చెప్పాడు.

అటక మీది సోమమ్మ మూకుడు దించి చింతపండుతో తోమాడు. వెనక వాకిట్లో మూడు రాళ్లు పేర్చి పొయ్యి వేశాడు. మొదటిసారి సగం గింజలు మాడిపోయాయి, సగం పచ్చిగా ఉన్నాయి. రెండోసారి అన్నీ మాడాయి. పొట్టు ఎగిరి కళ్లలో పడింది. మొండివాడు, వదల్లేదు. మంట తగ్గించాడు. చెక్క తెడ్డుతో చేయి ఆపకుండా తిప్పడం నేర్చుకున్నాడు. గింజ ముందు గడ్డి రంగుకు తిరుగుతుంది, తర్వాత గోధుమరంగుకు. అప్పుడు పేలాల్లాగా చిటచిటమంటుంది. ఆ చప్పుడు పట్టుకోవడం అతనికి కష్టం కాలేదు. బరువు మోస్తున్న దుంగ ఎప్పుడు మూలుగుతుందో, ఎప్పుడు విరుగుతుందో చీకట్లో విని చెప్పిన చెవి అది. చిటచిట నెమ్మదించి ఆగబోయే క్షణాన దించి, చేటలో పోసి చెరిగి, పొట్టు ఊది, ఆరబెట్టాడు.

ఆరోసారికి గింజలన్నీ ఒకే రంగుకు వచ్చాయి, చింతగింజల్లాగా నిగనిగలాడుతూ. ఒకరోజు ఉంచి, చేతి మిల్లులో విసిరి, మరిగిన నీళ్లు పోసి గుడ్డలో వడగట్టాడు. పాలు కలుపుకుని తాగాడు. బాగుంది. తన నాలుకకే ఆశ్చర్యమైంది.

వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. బాగుంది సరే. సోమమ్మదేనా ఇది?

ఎట్లా తెలుస్తుంది? ఆమె కాఫీ ఒక్క చుక్కైనా తాగి ఉంటే కదా.

రూప్లాను పిలిచి గ్లాసు చేతికిచ్చాడు. రూప్లా మొత్తం తాగి మూతి తుడుచుకున్నాడు.

"మస్తుంది అన్నా."

"సోమమ్మ చేసినట్టే ఉందా?"

రూప్లా జీపు టైరు వంక చూశాడు. "నేనెప్పుడో ఒకపారి తాగేటోణ్ణి. అమీనా భాభీని అడుగరాదు?"

ఎవరి దగ్గరికి పోకూడదనుకున్నాడో అక్కడికే పోవాల్సి వచ్చింది. గురువారం మధ్యాహ్నం స్టీలు ఫ్లాస్కు నింపుకుని గోడ చుట్టూ తిరిగి వెళ్లాడు.

"ఆవో భయ్యా!" అన్నాడు బషీర్, సూది పరుపులోనే వదిలి లేచి. "పొద్దెటు పొడిచిందివ్వాల?"

వెనక వాకిట్లో అమీనా బీ అప్పుడే కాఫీ వడగడుతోంది. బిక్షపతి పొయ్యి పక్కన ఉన్న పొట్టి పీట మీద కూర్చోబోయాడు.

"అది గాదన్నా, కుర్చీ ఉంది," అంది అమీనా బీ గబుక్కున. "అది సోమక్క పీట."

పీట కూడా ఇక్కడే ఉంది. అతను దేని మీదా కూర్చోలేదు. ఫ్లాస్కు మూత తీసి గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాడు.

"తాగి చెప్పు చెల్లె. నిజమే చెప్పాలె."

అమీనా బీ ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. గ్లాసు తిప్పి రంగు చూసింది.

"మంచిగ కాల్చినవ్ అన్నా. నాకెన్నడు గింత మంచిగ రాలె."

"అది గాదు నేనడిగింది. సోమమ్మదేనా?"

"కాదు."

"ఎట్ల గాదు?" బిక్షపతి గొంతు లేచింది. "అవే గింజలు. మూకుడు గూడ ఆమెదే. తెచ్చింది రూప్లానే. ఏం తక్కువైంది?"

"తక్కువ గాలేదన్నా, ఎక్కువైంది." అమీనా బీ బషీర్ వంక చూసింది. చెప్పమన్నట్టు అతను తల ఊపాడు. "సోమక్క గింజలు ఎన్నడు నిండుగ కాలలె. బాయి సైరన్ కూసిందంటే చాలు, గింజ ఎట్లున్నా సరే దించేసేది. ఇంకో రెండు నిమిషాలుంచు అక్కా, పచ్చిగుంటది అని నేనంటె, నీకెరుక లేదు, ఆయన వొచ్చే యాళ్ళయింది అనేది. చేట నా మీదికి తోసి, వాసన రావద్దని చేతులు సున్నిపిండి వెట్టి రుద్దుకొని ఉరికేది. పదమూడేండ్లు గట్లనే. నిమ్మళంగ ఒక్కపారి గూడ దించలె."

బిక్షపతి ఫ్లాస్కు మూత బిగించాడు.

"ఆమె పోయినంక నేను నిండుగ కాల్చి సూసిన. ఎవ్వలు తాగలె. ఇది సోమక్కది గాదన్నరు. ఇగ నేను గూడ ముందుగాలనే దించుతున్న."

"జర గది పొయ్యి," అన్నాడు బిక్షపతి, ఆమె వడగట్టిన గిన్నె చూపించి. "మీ కాఫీ నాకు పొయ్యి."

ఆమె గ్లాసు నిండా పోసింది. నిలబడే తాగాడు. మొదట పులుపు తగిలింది. దాని వెనక పచ్చిగడ్డి వాసన. పళ్లు జివ్వుమన్నాయి. ఇది తన ఇంట్లో చేసి తన చేతికిచ్చి ఉంటే గ్లాసు వాకిట్లో పడేది, అందులో అనుమానం లేదు.

"ఎట్లున్నది అన్నా?"

"పచ్చిగున్నది."

"అవ్," అంది అమీనా బీ.

"మాకు గదే అలవాటైంది భయ్యా," అన్నాడు బషీర్. "పులుపు లేకుంటే కాఫీ తాగినట్టే ఉండదు. పరేషానొచ్చిన రోజు గిదొక గిలాస తాగితే..."

బిక్షపతి అతని మాట పూర్తి కానివ్వలేదు. వాళ్లకు అలవాటైంది. వాళ్లకు ఇష్టం. తన రాకకు జడిసి ఆమె సగంలో దించిన గింజల రుచి వీళ్లందరికీ ప్రాణం.

"దీనికి ఆమె పేరెందుకు పెట్టిన్రు?" అన్నాడు. "ఇది నేను చేసిన కాఫీ. నేను లేకుంటే ఈ పులుపు ఏడికెల్లి వస్తుండె? నా పేరు పెట్టుర్రి."

బషీర్ పరాచికమనుకుని నవ్వాడు. బిక్షపతి ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"పెట్టం అన్నా," అంది అమీనా బీ, నెమ్మదిగానే. గ్లాసు కడగడానికి చేయి చాపింది.

అతను గ్లాసు ఇవ్వలేదు. అడుగున మిగిలిన మడ్డితో సహా తాగాడు. పొయ్యి మీదికి వంగి, గిన్నెలో ఇంకెంత ఉందో చూశాడు. బషీర్‌కు ఒక గ్లాసు, సాయంత్రం వచ్చేవాళ్లకు రెండు మూడు గ్లాసులు అయ్యేట్టు ఉంది.

"అది గూడ నాకే పొయ్యి," అన్నాడు.