తోడికోడలి మాత్రలు

మా తోడికోడలి మొహం బాగుపడిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు, నేను తప్ప. నాకు కడుపు మండింది. దాచుకోవడం దేనికి?

ఇద్దరిదీ ఒకటే జబ్బు. బుగ్గలూ ముక్కూ కందిపోయి, మధ్యమధ్య చీము పొక్కులు లేస్తాయి. దీన్ని రోజేషియా అంటారని చర్మం డాక్టరమ్మ చెప్పింది. కోడళ్ళిద్దరూ మాట్లాడుకుని తెచ్చుకున్నట్టుందని మావారు ఎగతాళి చేసేవారు.

మాది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. పన్నెండేళ్ళుగా కౌంటరు నాది. ఫొటో చూడగానే దానికి ఏ చట్రం నప్పుతుందో చెప్పేదాన్ని. నా మొహం ఎర్రబడ్డాక, వచ్చినవాళ్ళు ఫొటో మానేసి నన్నే చూస్తున్నారని మామగారు నన్ను లోపల అద్దాలు కోసే బల్ల దగ్గరికి పంపేశారు. చిన్నదీ, అదే మా తోడికోడలూ, లోపలే ఉండేది కాబట్టి ఓర్చుకున్నాను. నాలుగు నెలలు తిరిగేసరికి దాని మొహం తేటపడింది. మామగారు తీసుకెళ్ళి దాన్ని కౌంటర్లో నిలబెట్టారు. టేకు చట్రానికీ పైన్ చట్రానికీ తేడా తెలియని మనిషిని! అది నవ్వుతూ మాట్లాడుతుంటే లోపల నా చేతిలో అద్దం పలకలు టపటపా విరిగేవి.

నాకు డాక్టరమ్మ రాసింది రోజుకొక డాక్సీసైక్లిన్ మాత్ర. పొక్కులు కాస్త తగ్గాయి గానీ ఎరుపు అలాగే ఉంది. ఒకరోజు చిన్నదాని మందుల డబ్బా తెరిచి చూశాను. నేను వేసుకునే మాత్రలే ఒక స్ట్రిప్పు, దాని పక్కన ఐసోట్రెటినాయిన్ అని ఇంకో స్ట్రిప్పు. అదీ సంగతి అనుకున్నాను. దానికి రెండు రకాలు, నాకు ఒకటే. డాక్టరమ్మను అడగడానికి నామోషీ. చిన్నదాన్ని అడగడం కంటే చావడం నయం. అది కౌంటర్లో ఉన్నప్పుడు రోజుకొకటి తీసి, నా మాత్రతో కలిపి మింగడం మొదలుపెట్టాను.

మూడో వారానికి తలనొప్పి పట్టుకుంది. పడుకుంటే ఎక్కువయ్యేది, చెవుల్లో గుండె కొట్టుకుంటున్నట్టు వినిపించేది. ఆ తర్వాత అద్దం మీద నేను గీసిన గీత రెండుగా కనిపించింది. రెంటి మధ్యలో కోశాను. మామగారు తిట్టబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు. కౌంటరు ఆయనకు అప్పగించి చిన్నదే నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆయన లైటు వేసి చాలాసేపు చూశాడు. కంటి వెనక నరం వాచిందనీ, ఇలాగే వదిలేస్తే చూపు పోతుందనీ అన్నాడు. ఏమేం మందులు వాడుతున్నానని అడిగాడు. డాక్సీసైక్లిన్ ఒక్కటే అన్నాను. మొహానికి ఇంకేమైనా మింగుతున్నానా అని మళ్ళీ అడిగాడు. నేను గోడ మీది అక్షరాల పట్టిక వైపు చూపు తిప్పుకున్నాను.

తన డబ్బాలో మాత్రలు ఎందుకు తగ్గుతున్నాయో అప్పుడే అర్థమైనట్టు చిన్నది నన్ను ఒకసారి చూసింది. "నా ఐసోట్రెటినాయిన్ నేనే ఇచ్చానండీ. అక్క పడే బాధ చూడలేకపోయాను" అంది.

ఆయన దాని మీద విరుచుకుపడ్డాడు. ఆ రెండూ కలిపి వేసుకోకూడదని నీకెవరూ చెప్పలేదా అన్నాడు. చెప్పారంది. తనకు డాక్సీసైక్లిన్ పూర్తిగా మాన్పించాకే రెండోది ఇచ్చారట. మిగిలిపోయిన పాత స్ట్రిప్పు పారేయకపోవడమే తన తప్పంది.

ఆయన తిడుతుంటే దాని మొహం మళ్ళీ కందగడ్డలా అయింది. నేను కోరుకున్నది అదే కదా, సంతోషించాలి. సంతోషం కలగలేదు సరికదా, ఒళ్ళు మండిపోయింది. మొహం దానిదే, కౌంటరూ దానిదే, ఇప్పుడు ఈ మంచితనం కూడా దానికేనా?

"ఇది అబద్ధం చెప్తోంది డాక్టరుగారూ. ఇది ఇవ్వలేదు, నేనే దొంగిలించాను. దీన్ని చూసి ఏడ్చి దొంగిలించాను."

ఆయన రెండు మందులూ ఆపేయమన్నాడు. వాపు తగ్గడానికి వేరే మందు రాసి, చూపు మునుపటిలా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

మెట్లు దిగేటప్పుడు చిన్నది నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుందామనుకున్నాను. కింది మెట్టు ఎక్కడుందో కనిపించలేదు. గట్టిగా పట్టుకున్నాను.