ఏడు దాటని రక్తం

ఏడు పాయింట్ రెండు, పదకొండు ఉండాల్సిన చోట. పోయిన నెలా అంతే, ఈ నెలా అంతే. కుమారి వేలికి దూది అదిమి పట్టుకుని రక్తం కొలిచే మిషన్ వంక చూశాను. ఒళ్లు మండిపోయింది.

"నిజం చెప్పు. మాత్రలు మింగుతున్నావా, దొడ్లో పారేస్తున్నావా?"

"మింగుతున్నానక్కా. గంగమ్మ మీద ఒట్టు."

"గంగమ్మని ఎందుకే మధ్యలోకి లాగుతావు!"

నేను ఈ ఊరి నర్సుని, ప్రేమమ్మని. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే చిట్టచివర వచ్చే ఊరు ఇది. పదకొండేళ్లుగా నా స్కూటీ ఇక్కడి ఇసకలో కూరుకుపోతూనే ఉంది. కుమారికి ఇప్పుడు ఏడో నెల. మొదటి కాన్పులో రక్తం ఆగక, బందరు పెద్దాసుపత్రికి చేర్చేలోపు చచ్చినంత పనయింది. అప్పుడు ఒంట్లో కాస్తయినా రక్తం ఉంది కాబట్టి బతికింది. ఈసారి అంత పోతే మనిషి మిగలదు. ఈ మాట ఆ ఇంట్లో చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

వాళ్లత్త కోటమ్మ చేపల గంప కడుగుతూ అంది. "దాని ఒళ్లే అంతమ్మా. పుట్టుకతోనే పాలిపోయిన ఒళ్లు."

"అదేమన్నా ఒంటి రంగా పిన్నీ? నాలుగడుగులేస్తే ఆయాసం. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. పచ్చి బియ్యం బుక్కడం కూడా రక్తం లేకనే!"

కుమారి గుప్పెట్లో బియ్యం వెనక్కి దాచుకుంది.

నేను చెయ్యని పని లేదు. నులిపురుగుల మందు వేయించాను. పుట్టుకతో వచ్చే రక్తం జబ్బేమోనని బందరులో పరీక్ష చేయించాను, కాదన్నారు. మునగాకు, తోటకూర, పెసలు అని మొత్తుకున్నాను. చేపలమ్మే ఇంట్లో చేప తినమని కూడా నేనే చెప్పాలి. మంచివన్నీ గంపలోకి, తోకలు ఈ పిల్ల కంచంలోకి. అయినా ఆ మిషన్ మాత్రం ఏడు దగ్గరే కూర్చుంది.

"సరే, నా ఎదురుగా మింగు. చూస్తాను" అన్నాను.

కుమారి లోపలికెళ్లి రెండు టీ గ్లాసులతో వచ్చింది. ఒకటి నాకిచ్చి, ఎర్రమాత్ర నాలుక మీద వేసుకుని, రెండోదాంట్లోంచి గుక్కెడు తాగి మింగేసింది. నేనూ నా గ్లాసు ఊదుకుని సగం తాగేశాను. అప్పుడు వెలిగింది నా బుర్రకి.

"రోజూ టీతోనేనా?"

"అవునక్కా. నీళ్లతో అయితే వాంతొస్తుంది. పొద్దున్నే రేవుకెళ్లే ముందు అత్తయ్య టీ పెడుతుంది కదా, అప్పుడే వేసేసుకుంటాను."

టీ పడితే ఐరన్ ఒంటికి పట్టదు. మాత్రకి గంట ముందూ, గంట తర్వాతా టీ ముట్టకూడదు. ట్రైనింగులో నేర్పిన ముక్కే. అంత తెలిసిన సంగతి చెప్పేదేముందనుకున్నానో ఏమో, ఒక్కసారీ చెప్పలేదు. మూడు నెలలుగా ఈ అరుగు మీదే కూర్చుని వాళ్ల టీ తాగుతూ వాళ్లనే తిట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"తప్పు నాదే కుమారీ" అన్నాను. ఆ పిల్ల నా గ్లాసు కూడా తీసుకుని లోపలికెళ్లింది.

మర్నాడే బందరు తీసుకెళ్లాను. ఇక మాత్రలతో అందుకునే టైము లేదని డాక్టరుగారు సెలైన్లో ఐరన్ ఎక్కించమన్నారు. పరాయి రక్తం ఎక్కిస్తారని కోటమ్మ తిరిగొచ్చే బస్సులోనే గోల చేసింది. రక్తం కాదని చల్లపల్లి దాకా చెప్తూనే ఉన్నాను. మూడుసార్లు ఎక్కించారు. ఇంటి దగ్గర మాత్ర అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో, టీ సాయంత్రానికి. తొమ్మిదో నెలకి పది పాయింట్ ఒకటి వచ్చింది.

కాన్పు బందరులోనే. ఆడపిల్ల. ఈసారీ రక్తం పోయింది, చాలానే పోయింది. డాక్టరుగారు బయటికొచ్చి, "ఆగిందండీ. ముందున్న ఏడుతోనే వచ్చుంటే చెప్పలేకపోయేవాళ్లం" అన్నారు. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

కోటమ్మ క్యాంటీన్‌కెళ్లి టీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దానికివ్వనులే, నువ్వు తాగమ్మా" అంది. "ఇన్నాళ్లూ దాన్ని అన్ని తిట్లు తిట్టావు. నిన్ను తిట్టడానికి మాకెవరికీ నోరు రాలేదు."

టీ చేతిలోనే చల్లారిపోయింది.