కిటికీలో పెట్టిన ఈస్ట్

నార్వేలోని వోస్‌లో స్టైనార్ ఇంటికి ఎవరొచ్చినా ముందు దక్షిణం వైపు కిటికీ దగ్గరికి తీసుకెళ్లేవాడు. అక్కడ గాజు సీసాలో, బిగించిన మూత కింద, చిక్కటి మడ్డి ఉండేది. పక్కన ఓ ఇత్తడి పలక. బీరు పులియబెట్టే తాతల నాటి ఈస్ట్ ఇదని, ఈ గడప దాటి ఎరగదని చెప్పేవాడు. బెర్గెన్ నగరం నుంచి వచ్చినవాళ్లు నోళ్లు తెరుచుకుని ఫొటోలు తీసుకునేవాళ్లు.

అతని వదిన బోర్గిల్డ్‌కి ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఒళ్లు మండేది. ఆమె భర్త నీల్స్ బతికుండగా ఆ ఈస్ట్ నేలమాళిగలో, చల్లటి చీకట్లో, వదులు మూత కింద ఉండేది. బీరు కాచిన ప్రతిసారీ అడిగినవాళ్లకల్లా గిన్నెడు పోసి పంపేవాడు. పిల్లల్లేకుండా నీల్స్ పోయాక ఇల్లూ పొలమూ తమ్ముడివయ్యాయి. బోర్గిల్డ్ వాగు అవతల చిన్నింటికి మారింది. ఆ ఏడు క్రిస్మస్ బీరుకి కాస్త ఈస్ట్ ఇమ్మని అడిగితే, ఇంటి సొత్తు బయటికి పోకూడదన్నాడు స్టైనార్. కాపురానికొచ్చిన నాటి నుంచి దాన్ని సాకిన మనిషితో అన్నాడా మాట. అలాంటివాడితో నోరు పారేసుకోవడం దండగనుకుంది. వాలు కింద ఇంట్లో ఉండే పొరుగామె తోర్గున్ దగ్గరికెళ్లి, నీల్స్ ఒకప్పుడు వాళ్లకిచ్చిన దాంట్లోంచే సగం సీసా తెచ్చుకుంది.

స్టైనార్‌కి ఈస్ట్ చూపించడమే గాని వాడడం తక్కువ. తాగేది కొట్టు బీరే. కూతురు మారిత్ పెళ్లి కుదిరాక మాత్రం విందుకి ఇంటి బీరే పొయ్యాలని పట్టుబట్టాడు. కొత్త థర్మామీటరు కొన్నాడు. వాసనకి జునిపర్ పొద కొమ్మలు వేసి నీళ్లు మరిగించి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు అందులో నానబెట్టి, రసం వడగట్టి కాచాడు. కిటికీలో సీసా తీసి, వాసనైనా చూడకుండా తొట్టిలో కుమ్మరించాడు. ఈస్ట్ వేసేటప్పుడు గట్టిగా కేక పెట్టడం అక్కడి ఆచారం. ఆ కేక వాగు అవతల బోర్గిల్డ్‌కీ వినిపించింది.

మర్నాడు చూస్తే తొట్టిలో ఒక్క బుడగ లేదు. ఆ మర్నాడు పుల్లటి కంపు. అంతా కాలవలో పారబోసి, ముఖం వేలాడేసుకుని వదిన గుమ్మంలోకి వచ్చాడు.

"గట్టిగానే అరిచావు," అంది బోర్గిల్డ్. "అరిస్తే చచ్చినవాళ్లు లేస్తారా?"

"చచ్చిపోవడమేంటి వదినా? రోజూ కళ్లెదురుగానే ఉందిగా."

"ఎండలో పెట్టి, గొంతు బిగించి, ఎదురుగా కూర్చుని చూశావు. నువ్వూ ఓ వేసవి అలా కూర్చుని చూడు."

మళ్లీ కాచడానికి ఈస్ట్ ఇమ్మని అతను అడిగితే, పెళ్లి మారిత్‌ది కాబట్టి ఒప్పుకుంది. అయితే ఈస్ట్ అతని చేతికివ్వలేదు. తనే సీసా పట్టుకుని వెళ్లింది. కట్టెలు, నీళ్లు మోసే పని అతనికి అప్పజెప్పింది. సీసాలో పైకి తేలిన పల్చటి నీళ్లు వంచేసి, అడుగున మడ్డి వాసన చూసింది. నారింజ తొక్క వాసన వచ్చింది; బతికే ఉందని తేలాక, దాన్ని గిన్నెలో పోసి, గోరువెచ్చగా చల్లారిన రసం గరిటెడు కలిపి గుడ్డ కప్పింది. ఇంకా వేడిగా ఉన్నప్పుడు వేస్తే త్వరగా పని చేస్తుంది కదా అన్నాడు స్టైనార్.

"నిన్నెత్తి ఆ గంగాళంలో వేస్తా. త్వరగా పని చేస్తావేమో చూద్దాం."

గిన్నెలో నురగ పొంగాక తొట్టిలో కలిపింది. తెల్లారేసరికి తొట్టి బుసలు కొడుతోంది.

బీరు పులిసి నురగ దిగాక, తొట్టి అడుగున పేరిన కొత్త ఈస్ట్‌ని బోర్గిల్డ్ తన సీసాల్లోకి ఎత్తుకుంటుంటే, స్టైనార్ కడిగిన పాత సీసా పట్టుకొచ్చాడు. నేలమాళిగలో పెడతానంటే పోస్తానంది ఆమె. చూడ్డానికొచ్చేవాళ్లకి అక్కడ కనబడదన్నాడు.

"చూడ్డానికైతే పిండి నీళ్లు పోసుకో. తేడా ఎవడికీ తెలీదు."

అది తిట్టని కూడా గ్రహించలేదా మనిషి. నిజంగానే పోసుకున్నాడు. పెళ్లి విందులో బీరు గిన్నె పైకెత్తి, కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ, ఈ బీరు ఈ ఇంటి ఈస్ట్‌దేనని, అది ఏనాడూ గడప దాటలేదని ఉపన్యాసం ఇచ్చాడు. తోర్గున్ పక్క నుంచి మోచేత్తో పొడిచింది. బోర్గిల్డ్‌కి కోపం కూడా రాలేదు. ఈ మనిషికి అబద్ధమాడ్డానికి కూడా నా చేతి బీరే కావాల్సొచ్చిందనుకుని, గిన్నె ఖాళీ చేసింది.

వారం తిరక్కుండా మారిత్ వాగు దాటి వచ్చింది. కిటికీలో సీసా విషయం అడగలేదు. బహుశా మూత తీసి చూసే ఉంటుంది.

"నాకు కాస్త పోస్తావా పెద్దమ్మా? కాచడం కూడా నేర్పాలి."

"మీ నాన్న కిటికీలో పెడతాడేమో."

"మా ఇంట్లో చల్లగా ఉండే కొట్టు గది ఉంది. నాన్నని దాని దరిదాపులకి రానివ్వను."

ఆ మాటకి బోర్గిల్డ్ లేచి నేలమాళిగలోకి దిగింది. సీసా మూత సగమే తిప్పి, తడిగుడ్డ చుట్టి ఇచ్చింది. దారిలో కుదపొద్దని, ఇంటికెళ్లగానే చల్లగా పెట్టమని, ఎవరడిగినా లేదనకుండా ఇమ్మని చెప్పింది.

శీతాకాలం ముంగిట మారిత్ తొలిసారి కాచింది. కాస్త పులుపెక్కింది. బోర్గిల్డ్ గుక్క తాగి ముఖం చిట్లించి, రుచి ఏడ్చినట్టుంది గాని ఈస్ట్ మాత్రం బతికే ఉందంటూ, ఇంకాస్త పొయ్యమని గిన్నె చాపింది.