పువ్వు లేని కాగితం

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె మిషనక్క. బడి యూనిఫారాలు కుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. కింద కొట్టు, పైన రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో ఆమె, చెల్లెలు.

చెల్లెలు బళ్లో సైన్సు టీచరు. సెలవు దొరికితే చాలు, సముద్రపు ఒడ్డున మొక్కల వెంట పడేది. ఒకసారి ఇసకతో సహా ఓ పిలకను తవ్వి తెచ్చి కుండీలో నాటింది. నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకున్న దళసరి ఆకులు, వాటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొడి.

"దీని పేరు తేలాలంటే పువ్వు కావాలక్కా. కుండీలో పుయ్యాలంటే ఏళ్లు పడుతుంది. ఒడ్డున మాత్రం బళ్లు తెరిచే ముందు పూస్తుంది. ఒక్కసారి నాతో రావే, అంత దూరం నడవలేకపోతున్నాను" అంది. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. పది మెట్లు ఎక్కితే కూలబడిపోయేది.

"బళ్లు తెరిచే ముందా! నాకు తల గోక్కునే తీరిక కూడా ఉండదు. గడ్డి ఎక్కడికి పోతుందే, దానికేమన్నా కాళ్లున్నాయా?"

చెల్లెలు నవ్వేసింది. మరుసటి ఏడూ అడిగింది. మిషనక్క అప్పుడు మూడొందల చొక్కాలకు కాలర్లు వేస్తోంది. తల ఎత్తకుండానే "వచ్చే వారం చూద్దాం" అంది. ఆ వారం రాలేదు. వానలు తగ్గకముందే చెల్లెలు కన్నుమూసింది.

మొక్కల సంగతిలో మిషనక్కకు ఓనమాలు రావు. లోపల దాచుకున్న దుఃఖమంతా ఆ కుండీలో పోసింది, పొద్దున ఓ చెంబు, సాయంత్రం ఓ చెంబు. నెల తిరిగేసరికి ఆకులు పసుపు తిరిగి మొదలు మెత్తబడింది. కుండీని చంకనెత్తుకుని వీధి చివర మొక్కలమ్మే నర్సరీ తాత దగ్గరకు పరుగెత్తింది.

తాత మట్టిలో వేలు గుచ్చి చూసి చీవాట్లు పెట్టాడు. "ఇసకలో పుట్టిన ప్రాణమమ్మా ఇది! ముంచి చంపుతున్నావు కదా." కుళ్లిన వేళ్లు కోసేసి, మూడొంతుల ఇసక కలిపి మళ్లీ నాటాడు. "పది రోజులు దీని వంక చూడకు. చెయ్యి ఊరుకోకపోతే నాలుగు లాగులు కుట్టుకో."

మొక్క బతికింది. రెండేళ్లు పువ్వు జాడే లేదు. మూడో ఏడు, కొట్టు నిండా యూనిఫారాల గుట్టలున్న రోజుల్లో, ఆకుల మధ్య నుంచి సన్నటి కాడలు రెండు లేచాయి. వాటి చివర బియ్యపు గింజంత ఊదారంగు పూలు. మిషనక్క ఆ పొద్దున కొట్టు తెరవలేదు. ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే కాలేజీ ఒకటి ఉందని తాత చెబితే, కుండీని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

అక్కడి మేడమ్ భూతద్దం తీసింది. "సముద్రపు ఒడ్డున పెరిగే సీ లావెండర్లలో ఒకటండీ. ఆకు చూసి ఏ రకమో చెప్పడం ఎవరి తరమూ కాదు. పువ్వు అడుగున కాగితం లాంటి గిన్నె ఉంది చూడండి, గుట్టంతా అందులోనే." చాలాసేపు పుస్తకాలు తిరగేసింది. "ఈ రకం మన తీరంలో ఎవరికీ దొరికినట్టు లేదే... ఉండండి. ఇలాంటి ఆకులు ఎవరో పంపారు."

పేరు తేలని మొక్కల బీరువాలోంచి ఓ అట్టలాంటి కాగితం తీసింది. దాని మీద రెండు ఆకులు. కింద చెల్లెలి గుండ్రటి రాత: 'పువ్వు లేదు. వచ్చే ఏడు అక్కతో వెళ్లి తెస్తాను.'

మిషనక్క ఆ రాత మీద వేలు ఆనించింది. "నేను వెళ్లలేదండీ" అంది. "రెండుసార్లు అడిగింది."

మేడమ్ మంచినీళ్లు ఇచ్చి, "ఇవి తెచ్చిన ఒడ్డున ఇంకా ఉంటాయేమో, చూపిస్తారా?" అని అడిగింది.

"లేదండీ. పోయినేడు అక్కడ రాళ్ల గోడ కట్టేశారు."

ఇద్దరూ కుండీ వంక చూశారు. చెల్లెలి కాగితం మీద అతికించడానికి ఒక కాడ కొయ్యాలి, రెండోది గింజ కట్టడానికి ఉంచాలి. ముప్పై ఏళ్లుగా గుడ్డ కత్తిరించిన చేతికి ఆ సన్నటి కాడ మొదటిసారి దొరకలేదు. రెండో ప్రయత్నంలో తెగింది.

"సేకరించినవారు?" చీటీ రాస్తూ అడిగింది మేడమ్.

"మా చెల్లెలు."

"పెంచింది మీరు కదా, మీ పేరు కూడా..."

"వద్దండీ. దానిదొక్కటే రాయండి."

ఆ గింజల్లో తొమ్మిది మొలిచాయి. ఏడాది పెంచి, బస్సులో నాలుగు స్టాపుల అవతల, ఇంకా గోడ పడని ఒడ్డున మేడమ్‌తో కలిసి నాటింది. అయిదింటిని అలలు తీసుకుపోయాయి. నాలుగు నిలిచాయి. మిషనక్క వారానికోసారి కొట్టు మూసి వెళ్తుంది. ఆకుల మీదికి గాలి తోసిన ఇసకను వేళ్లతో తీసేస్తుంది. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి, ఒక్క మనిషికి సరిపడా వండుకుంటుంది.