మేజరుగారి సవరం

కాసెల్ నగరంలో ఆ పొద్దున మేజర్ వీగాండ్ బాల్డెవైన్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. వెనక నిలబడి అతని పొట్టి జుట్టుకు సవరం కడుతున్న భార్య ఫ్రిడెరికె, మొగుడి నెత్తిమీద ఓ మొట్టికాయ వేసింది.

"కదలకండి. కవాతు మైదానంలో ఊడిపోతే నన్నంటారు."

"ఎలకతోకలా ఉందేమో చూడు."

"అందరివీ ఎలకతోకలే. మిమ్మల్ని పనిగట్టుకుని ఎవరు చూస్తారు?"

ఏం చేస్తాడు మరి! ఏడేళ్ల కిందట ఫ్రెంచివాళ్లు తరిమేసిన ప్రభువు తిరిగొచ్చి, తాను లేని ఆ ఏడేళ్లూ అసలు జరగనే లేదని తేల్చేశాడు. సైన్యంలో అందరికీ మళ్లీ పాతకాలపు జడలుండాలి. తాను వెళ్లేనాటికి ఎవరు ఏ హోదాలో ఉన్నారో మళ్లీ అందులోకే దిగాలి. అప్పటికి బాల్డెవైన్ లెఫ్టినెంటు. ఆ తర్వాత నెపోలియన్ తమ్ముడు ఇక్కడ గద్దెనెక్కితే, అతని కొలువులో మేజరై ఒక పటాలాన్ని రష్యా దాకా నడిపించాడు. ఆ మంచులో ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. పటాలంలో ఇల్లు చేరినవాళ్లు గుప్పెడు మంది. ఇప్పుడు అదంతా ఉత్తదేనట. ఒళ్లు మండదూ?

"ఒప్పుకోనంటే?" అంటూ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. సవరం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"అనండి. అని ఇంటికి రండి. యుద్ధం తప్ప మీకింకో పని చేతకాదు. పిల్లలకి ఉడకేసిన బంగాళాదుంప కూడా ఉండదు. వచ్చి కూర్చోండి."

వచ్చి కూర్చున్నాడు.

మైదానంలో ముసలి జనరల్ ఒక్కొక్కరి జడా లాగి చూసుకుంటూ వస్తున్నాడు. ప్రభువుతోపాటు పరాయి దేశంలో తలదాచుకుని వచ్చిన మనిషి. బాల్డెవైన్ సవరం గట్టిగానే నిలిచింది. అతను ఊపిరి పీల్చుకునేలోగా జనరల్ చూపు చేతిమీద పడింది.

"లెఫ్టినెంట్, ఆ వేళ్లేమయ్యాయి?"

రష్యా అన్నాడంటే ఆ ఏడేళ్లూ జరిగినట్టే. ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది.

"గుర్రపుసాల తలుపులో పడి నలిగాయండి."

"చూసుకోవాలోయ్," అని జనరల్ వెనక వరసలోకి నడిచాడు.

అక్కడ మొదటివాడు సిపాయి యోస్ట్ హెకెరోత్. రష్యాలో గడ్డకట్టిన నది ఒడ్డున కూలబడిన బాల్డెవైన్‌ని వీపున వేసుకుని మోసినవాడు. ఆ చలికి వాడి చెవి ఒకటి పుండై రాలిపోయింది.

"నీ చెవేదిరా?"

నిజం చెబితే దొర అబద్ధం బయటపడుతుందని యోస్ట్‌కి తెలుసు. "గుర్రపుసాల తలుపండీ. దొరగారి వేళ్లు తిన్నదే."

పక్కవాడికి ముక్కు కొస లేదు. జనరల్ అడక్కముందే, "నాదీ ఆ తలుపేనండి," అన్నాడు.

"ఏం తలుపయ్యా అది, విరగ్గొట్టి పొయ్యిలో పెట్టండి," అని జనరల్ పకపకా నవ్వాడు. అధికారులందరూ నవ్వారు. బాల్డెవైన్ కూడా నవ్వాడు, నవ్వక తప్పదు కనుక. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

కవాతు అయ్యాక యోస్ట్ దగ్గరికొచ్చి టోపీ తీశాడు.

"మా తమ్ముణ్ని మనం మంచులో వదిలేసొచ్చాం కదా, వాడికేమైందని వాడి పెళ్లాం రోజూ అడుగుతోంది దొరా. ఆవిడకీ తలుపనే చెప్పమంటారా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. వాడు నిజంగానే అడుగుతున్నాడు, జవాబు కోసం నిలబడే ఉన్నాడు.